పటాలం వెంట నడిచిన సంసారం

మస్కట్‌కు పడమటి వైపు, సీబ్ విలాయత్‌లో ఉన్న అల్ ఖౌద్ ఈనాటి జనానికి సుల్తాన్ ఖబూస్ యూనివర్సిటీ ఉన్న చోటు. యూనివర్సిటీ 1986లో తెరుచుకుంది. అంతకు ఏడాది ముందే వాగుకు అడ్డంగా ఆనకట్ట లేచింది. కానీ ఆ వాగు పాతది, దాని వెంట ఉన్న దారి ఇంకా పాతది. కొండల నడుమ సమాయిల్ లోయలో పారే వరద అల్ ఖౌద్ దగ్గరే మైదానంలోకి దిగుతుంది. ఒమన్ లోపలి కొండసీమ నుంచి సముద్రపు ఒడ్డుకు రావాలంటే వాడే దారుల్లో ఇదొకటి. ఆ రోజుల్లో తీరం సుల్తాన్‌ది, కొండల్లోని తెగలు మతనాయకుడైన ఇమామ్ పక్షం. కాబట్టి మస్కట్‌లో గద్దె మీద ఉన్నవాడికి ఈ దారుల మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండాల్సిందే.

1913లో ఇమామ్ సేనలు నిజ్వాను, సమాయిల్‌ను పట్టుకున్నాయి. సుల్తాన్‌కు సాయంగా బ్రిటిష్‌వాళ్లు పంపింది భారతీయ సిపాయిలను. 1915 జనవరి 11 తెల్లవారుజామున మస్కట్ వెనక రువీ లోయలో, బైత్ అల్ ఫలజ్ కోట చుట్టూ ఉన్న కొండల మీద, దాదాపు 3000 మంది తెగల యోధులను సుమారు 700 మంది సిపాయిలు ఎదుర్కొని వెనక్కి కొట్టారు. ఆ కోటే ఇప్పుడు ఒమన్ సాయుధ దళాల మ్యూజియం. అల్ ఖౌద్ నుంచి కారులో వెళ్లి చూసి రావచ్చు.

ఆ రోజు అక్కడ పోరాడిన రెండు పటాలాల్లో ఒకటి 102వ గ్రెనేడియర్స్, రెండోది 95వ రసెల్స్ ఇన్‌ఫెంట్రీ. ఈ రసెల్ హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంట్‌గా ఉన్న హెన్రీ రసెల్. 1813లో నిజాం ఖజానా సొమ్ముతో అతను కట్టిన దళమే రసెల్ బ్రిగేడ్. తర్వాత అది హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది, 1903లో భారత సైన్యంలో కలిసిపోయింది. హైదరాబాద్ పేరుతో, హైదరాబాద్ డబ్బుతో పుట్టినా దాని బంట్లలో ఎక్కువమంది ఉత్తరాది హిందుస్తానీలే. తెలుగు సిపాయి వేరే చోట, మదరాసు సైన్యంలో ఉండేవాడు. 1915 నాటికి ఆ పటాలాల్లోనూ అతను దాదాపు కనిపించడు. నూరేళ్లకు పైగా తుపాకీ మోసిన మనిషి ఎలా బతికాడు, అతని ఇంటివాళ్లు ఏమయ్యారు, చివరికి అతన్ని ఎందుకు వద్దన్నారు అన్నది రెజిమెంట్ల చరిత్రల్లో పేజీల అంచుల్లో దొరికే కథ. వాటిలో ఆఫీసర్ల పేర్లు నిండుగా ఉంటాయి, సిపాయిలు మాత్రం అంకెల్లోనే కనిపిస్తారు.

ఒమన్ గడ్డ మీద కంపెనీ సిపాయిలు మొదట దెబ్బ తిన్నది కూడా అంకెగానే మిగిలింది. 1820 నవంబరులో కెప్టెన్ పెరొనెట్ థాంప్సన్ బొంబాయి సిపాయిలను వెంటబెట్టుకుని, మస్కట్ పాలకుడు సయ్యద్ సయీద్ బలగంతో కలిసి బనీ బూ అలీ తెగ మీదికి వెళ్లాడు. తెగవాళ్లు కత్తులతో మీదపడ్డారు. 300 పైచిలుకు సిపాయిల్లో అత్యధికులు అక్కడే పోయారు. 1821 మార్చిలో మేజర్ జనరల్ లయొనెల్ స్మిత్ పెద్ద సేనతో వచ్చి ప్రతీకారం తీర్చుకున్నాడు. థాంప్సన్ మీద కోర్టు మార్షల్ జరిగింది, అతని సంజాయిషీ చరిత్రకెక్కింది. పోయినవాళ్ల భార్యలూ తల్లులూ ఏమన్నారో ఎవరూ రాయలేదు.

మదరాసు సైన్యం దగ్గరికి వస్తే సిపాయి ఇల్లాలు కాస్త కనిపిస్తుంది. కారణం, ఆమె పటాలంలోనే ఉండేది.

బెంగాల్ సైన్యంలోని సిపాయి అవధ్‌లోనో బిహార్‌లోనో భార్యాబిడ్డల్ని ఊళ్లో వదిలి కొలువుకు వచ్చేవాడు. సెలవు దొరికినప్పుడు ఇంటికి పోయి వచ్చేవాడు. అతని ఇల్లు, పొలం, కులం పెద్దలు అంతా ఊళ్లోనే. మదరాసు సిపాయి అలా కాదు. పెళ్లాం, పిల్లలు, తల్లి, విధవరాలైన అక్క, మేనల్లుడు, అందరూ అతనితోనే. రెజిమెంట్ సికింద్రాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్, బళ్లారికి మారితే బళ్లారి, నాగపూర్ పక్కన కాంప్టీకి పోతే కాంప్టీ. కవాతు మైదానం వెనక వరసలు వరసలుగా గుడిసెలు ఉండేవి. వాటికే లైన్లని పేరు. ఆ గుడిసెను సర్కారు కట్టించి ఇచ్చేది కాదు. సిపాయే కట్టుకోవాలి, అందుకు కొంత సొమ్ము చేతికిచ్చేవారు. మూడేళ్లకో నాలుగేళ్లకో బదిలీ ఉత్తర్వు వస్తే కట్టుకున్నదాన్ని వదిలిపెట్టి, కొత్తచోట మళ్లీ మట్టి పిసికి గోడ లేపాలి.

ఐరోపా సైనికుడితో పోల్చి చూస్తే ఇది ఎంత వేరో తెలుస్తుంది. బ్రిటిష్ సైన్యంలో మామూలు సోల్జరుకు పెళ్లి చేసుకోవాలంటే పైవాడి అనుమతి కావాలి. దళం పరదేశం వెళ్తుంటే నూరు మందికి ఆరుగురి చొప్పునే భార్యల్ని వెంట తీసుకుపోనిచ్చేవారు. ఎవరు వెళ్లాలో చీట్లు వేసి తేల్చేవారు. చీటీ రాని ఆడవాళ్లు రేవులో ఏడుస్తూ నిలబడిపోయేవారు. మదరాసు పటాలంలో స్వదేశపు బదిలీకి అలాంటి లెక్క లేదు. ఎవరి సంసారం వాళ్లు ఎలాగో లాక్కుని రావచ్చు, ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే.

ఆ ఖర్చు దేంట్లోంచి? సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. 19వ శతాబ్దం దాదాపు పూర్తిగా గడిచేదాకా అదే జీతం. 1895లో గానీ 9 రూపాయలు కాలేదు. తిండి అందులోంచే. బట్టల్లో కొన్నింటికి కోత కూడా అందులోంచే. బియ్యం ధర మరీ పెరిగితే కరువు భత్యం, యుద్ధానికి వెళ్తే బత్తా కలిసేవి. 1837 తర్వాత మంచి నడవడికతో ఏళ్ల తరబడి చేసినవాడికి ఒకటి రెండు రూపాయలు అదనం. ఒక్కడికైతే సరిపోయే జీతమే, కానీ పటాలంలో ఒక్కడుగా ఉన్నవాడు తక్కువ. 40వ మదరాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీలో పనిచేసిన కెప్టెన్ ఆల్బర్ట్ హెర్వీ 1850లో తన పదేళ్ల కొలువు గురించి పుస్తకం వేశాడు. సిపాయి మీద ఆధారపడే చుట్టాల గురించి, ఆ ఏడు రూపాయల మీద పడే బరువు గురించి అందులో సానుభూతితో రాశాడు. అతనొక్కడే కాదు, ఆ సైన్యాన్ని దగ్గరగా చూసిన చాలామంది ఆఫీసర్లకు ఈ సంగతి తెలుసు.

బదిలీ ప్రయాణం అంటే సిపాయి ఇంటికి పెద్ద పరీక్ష. ఎర్ర కోటు వేసుకుని, పది పౌండ్ల తుపాకీ భుజాన పెట్టుకుని, తెల్లవారక ముందే వరసలో నడిచేది మగవాడు. అతని వెనక ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఎద్దులు, బాడుగ బళ్లు. బండి మీద కుండలు, చాప, తిరగలి, కోళ్ల గంప, పైన నిద్రపోతున్న చంటిబిడ్డ. దారిలో పురుడు వస్తే చెట్టు కింద ఆగాలి, పటాలం మాత్రం ఆగదు. కలరా తగిలితే వెనకబడ్డవాళ్లే ముందు పోయేవారు. బండి బాడుగకు చేసిన అప్పు కొత్త ఊళ్లో తీర్చడం మొదలుపెట్టేసరికి మళ్లీ బదిలీ. రెజిమెంట్ బజారులోని షావుకారు ఎవరి జీతం ఎంత, ఎవరి ఇంట్లో ఎందరు అన్నది నోటిలెక్కగా చెప్పగలిగేవాడంటే నమ్మవచ్చు.

ఈ లైన్లలో ఉన్నదెవరు? పటాలం లెక్కల్లో ముస్లింలు, తెలుగువాళ్లు, తమిళులు, రాజపుత్ర మరాఠాలు, ఇతరులు అని గళ్లు ఉండేవి. తెలుగువాళ్లు, ముస్లింలు పెద్ద వర్గాలు. ఉత్తర సర్కార్ల నుంచి తెలగాలు, కాపులు, వెలమలు వచ్చేవారు. బెంగాల్ సైన్యం పై కులాలను ఏరుకుంటే మదరాసు సైన్యం అంత పట్టింపుకు పోలేదు. బెంగాల్ పక్కకు వస్తే ‘తిలంగా’ అన్న మాట సిపాయికి మారుపేరైంది. 1757 ప్రాంతంలో క్లైవ్ వెంట వెళ్లిన దక్షిణాది సిపాయిల వల్ల పుట్టిన ఆ పేరు, 1857లో ఢిల్లీ వీధుల్లో అవధ్ సిపాయిలకు కూడా వాడుకలో ఉంది. లైన్లలో మొహర్రం వస్తే హిందూ సిపాయిలు పీర్లకు మొక్కేవారు. దసరాకు ఆయుధపూజ అందరిదీ. ఇది ఎవరో నేర్పిన సమరసత కాదు, పక్కపక్క గుడిసెల్లో పిల్లల్ని పెంచుకున్నవాళ్ల అలవాటు.

పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రతి రెజిమెంట్‌లోనూ ‘రిక్రూట్ బాయ్స్’ అని కొన్ని స్థానాలు ఉండేవి. సిపాయి కొడుకును చిన్నతనంలోనే పేరు రాసుకుని, కొద్దిపాటి జీతమిచ్చి, కవాతూ నాలుగు అక్షరాలూ నేర్పి, వయసు రాగానే వరసలో నిలబెట్టేవారు. యుద్ధంలో పోయినవాడి కొడుకైతే పింఛను కింద పెట్టుకునేవారు. తండ్రి పోయిన ఇంట్లో ఆ కుర్రాడి చిన్న జీతమే పొయ్యి వెలిగించేది. తాత, తండ్రి, కొడుకు ఒకే నంబరు పటాలంలో చేసిన ఇళ్లు ఇలా తయారయ్యాయి. వాళ్లకు ఊరంటే పుట్టిన పల్లె కాదు, రెజిమెంట్ నంబరు. కంపెనీకి ఇందులో లాభం స్పష్టం. రంగరూట్లను వెతకనక్కర్లేదు, తుపాకీ చప్పుడుకు పుట్టినప్పుడే అలవాటుపడ్డ పిల్లలు లైన్లలోనే దొరుకుతారు.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష సముద్రం దగ్గర వచ్చింది. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సర్కార్ల సిపాయిలను హైదర్ అలీతో యుద్ధానికి ఓడలో మదరాసు పంపబోతే వాళ్లు ఎక్కబోమన్నారు. సుబేదార్ షేక్ మహమ్మద్ నాయకత్వంలో తిరగబడి కొందరు ఆఫీసర్లను కాల్చేశారు. సొంత జిల్లాల్లో ఉండి పనిచేయడానికి చేరినవాళ్లను తెలియని చోటికి, నీళ్ల మీదుగా, ఇంటివాళ్లను వదిలి రమ్మంటే జరిగింది అది. ఆ తర్వాత కంపెనీ కొంత నేర్చుకుంది. పరదేశం వెళ్లే సిపాయి తన జీతంలో ఒక భాగాన్ని ఇంటివాళ్ల పేర రాసి వెళ్లే పద్ధతి వచ్చింది. ఆ కాగితాన్ని ‘ఫ్యామిలీ సర్టిఫికెట్’ అనేవారు. భార్యో తల్లో దాన్ని చూపించి నెలనెలా డబ్బు తీసుకునేది. సిలోను, మారిషస్, బర్మా, చైనా యుద్ధాలకు మదరాసు సిపాయిలు ఓడలెక్కారంటే ఆ కాగితానికి అందులో పెద్ద భాగమే ఉంది.

1824 మేలో రంగూన్‌లో దిగిన సేనలో మదరాసు రెజిమెంట్లు ముఖ్యమైన భాగం. అదే ఏడాది నవంబరులో బెంగాల్ సిపాయిలు బారక్‌పూర్‌లో బర్మా ప్రయాణం మీద తిరగబడి ఫిరంగి గుండ్లకు బలయ్యారు. రంగూన్‌లో మదరాసువాళ్లకు ఎదురైంది ఖాళీ పట్నం. బర్మా జనం తిండీ పశువులూ తీసుకుని అడవుల్లోకి వెళ్లిపోయారు. వానాకాలం మొదలైంది. కూరా నారా లేక స్కర్వీ, నీళ్ల వల్ల విరేచనాలు, జ్వరాలు. 1826లో యుద్ధం ముగిసేసరికి వెళ్లిన సుమారు 40,000 మందిలో 15,000 మంది చనిపోయారని చరిత్రకారులు చెప్పే లెక్క. అందులో తుపాకీకి పోయినవాళ్ల కంటే రోగానికి పోయినవాళ్లే ఎక్కువ. ఆ దళాలకు మదరాసు నుంచి మనుషులూ సరుకులూ సమకూర్చిన గవర్నర్ థామస్ మన్రో కూడా 1827 జూలైలో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతోనే పోయాడు. రాయలసీమ ఆయన్ను నేటికీ గుర్తుపెట్టుకుంది. ఆయన పంపగా వెళ్లి రంగూన్ బురదలో కలిసినవాళ్లకు గుర్తులు లేవు.

చైనాలో, నల్లమందు యుద్ధంలో జరిగినది మరీ దగ్గరగా చూడదగ్గది. 1841 మే 30, కాంటన్ బయట సాన్ యువాన్ లీ అనే పల్లె. 37వ మదరాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీలోని ఒక కంపెనీ, సుమారు 60 మంది, లెఫ్టినెంట్ హాడ్‌ఫీల్డ్ కింద ప్రధాన దళం నుంచి విడిపోయింది. కుండపోత వాన. వరిపొలాలు చెరువులయ్యాయి. గట్లు కనిపించడం లేదు. వేల మంది పల్లెజనం ఈటెలతో, బారు కర్రలకు కట్టిన కొక్కేలతో చుట్టుముట్టారు. సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి రాయి తుపాకులు. మందు తడిసింది, ఒక్కటీ పేలదు. నాలుగు వైపులా ముఖం పెట్టి చదరంగా నిలబడి, బాయొనెట్లు ముందుకు చాచి, కొక్కేలతో లాగబోయినవాళ్లను పొడుస్తూ గంటల తరబడి ఆ నీళ్లలోనే ఉన్నారు. కొందరు తలపాగా గుడ్డ చింపి తుపాకీ లోపల తుడిచి ఆరబెట్టే ప్రయత్నం చేశారని చెబుతారు. చీకటి పడ్డాక, వానలో కూడా పేలే కొత్తరకం తుపాకులున్న మెరైన్లు వెతుక్కుంటూ వచ్చి వాళ్లను విడిపించారు. ఒక సిపాయి చనిపోయాడు, చాలామందికి గాయాలయ్యాయి. చైనా యుద్ధంలో చూపిన సాహసానికి ఆ రెజిమెంట్‌కు గ్రెనేడియర్స్ బిరుదు దక్కింది. అటువైపు ఆ పల్లెజనం కూడా తమ నేలను కాపాడుకోవడానికే వచ్చారు. సాన్ యువాన్ లీని చైనా ఇవాళ గర్వంగా తలుచుకుంటుంది, అది న్యాయమే. ఇద్దరు ఆసియా రైతుబిడ్డల మధ్య నల్లమందు కోసం ఆ వానలో యుద్ధం పెట్టినవాళ్లు మాత్రం వేరే.

ఇంటి డబ్బు విషయంలో మాట తప్పితే ఇలాంటి సిపాయిలే ఎలా మారేవారో 1844లో బయటపడింది. 47వ మదరాసు రెజిమెంట్ బర్మాలోని మౌల్మేన్‌కు వెళ్లాల్సి ఉంది. దాన్ని మధ్యలో సింధ్‌కు మళ్లించారు. పరదేశపు భత్యం ఇస్తామని మదరాసు సర్కారు ఇచ్చిన భరోసాను పైనున్న గవర్నర్ జనరల్ సర్కారు ఒప్పుకోలేదు. ఆ భత్యం వస్తుందన్న లెక్కతోనే సిపాయిలు ఇంటికి వాటా రాసి వచ్చారు. బొంబాయి చేరాక చేతికి వచ్చేది ఎంతో తేలింది. కవాతులోనే అరుపులు లేచాయి. పటాలాల చరిత్ర రాసినవాళ్లు దీన్ని ‘భత్యపు తిరుగుబాటు’ కింద వేస్తారు. నిజానికి అది వంటింటి తిరుగుబాటు. వెల్లూరులో 1806 జూలై 10న తలపాగా, బొట్టు, గడ్డం మీద పెట్టిన ఆంక్షలకు లేచిన మంట అందరికీ తెలుసు. ఈ రెండో రకం కోపం గురించి తక్కువ మంది మాట్లాడతారు, లైన్లలో మాత్రం రోజూ ఉన్నది ఇదే.

1857లో మదరాసు పదాతి దళాలు తిరగబడలేదు. కారణాలు వెతికినవాళ్లలో చాలామంది లైన్లలోని కుటుంబాలను చూపించారు. భార్యాబిడ్డలు కంటోన్మెంట్ నడిబొడ్డున ఉన్నవాడు తెగించడని, పైగా అతని ఊరూ బంధుత్వమూ రెజిమెంటేనని అన్నారు. ఈ మాటలో మెచ్చుకోలు ఎంత ఉందో పెట్టుబడి లెక్క అంతే ఉంది. సంసారమే సిపాయికి జామీను.

ముప్పై ఏళ్లు తిరక్కుండానే అదే సంసారం అతని మీద నేరమైంది. 1881 నుంచి 1885 దాకా మదరాసు సైన్యానికి సర్వసేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయి పోరుకు పనికిరాడని తీర్మానించుకున్నాడు. 1897లో వచ్చిన ఆత్మకథలో అదే రాశాడు. యుద్ధవీర జాతులు ఉత్తరానే ఉన్నాయన్న సిద్ధాంతం సైన్యంలో అధికార నియమమైంది. ఇంటిమనిషి, ఆడవాళ్లనూ పిల్లల్నీ మూటల్నీ వెంటేసుకు తిరిగేవాడు అన్నది తరచూ వినిపించిన ఫిర్యాదు. దశాబ్దాల తరబడి యుద్ధం ఇవ్వకుండా కంటోన్మెంట్లలో కూర్చోబెట్టి, ఏడు రూపాయలకు మించకుండా బిగించి, ముసలివాడయ్యాడని నింద వేశారు. 1882లో కొన్ని మదరాసు రెజిమెంట్లు రద్దయ్యాయి. మూడో బర్మా యుద్ధం తర్వాత కొన్నింటిలో పంజాబీలను నింపి బర్మా దళాలుగా మార్చారు. 1895లో మదరాసు సైన్యం అన్న విడి వ్యవస్థే పోయింది. శతాబ్ది మలుపు నాటికి తెలుగు రంగరూట్లకు తలుపులు మూసుకుపోయాయి. తాత, తండ్రి నంబరు చెప్పుకుని చేరదామని వచ్చిన కుర్రాళ్లు తిరిగి వెళ్లారు. 1915లో బైత్ అల్ ఫలజ్ కొండల మీద తెలుగు సిపాయిని వెతికితే దొరకకపోవడానికి వెనక ఇంత ఉంది.

లైన్లు ఖాళీ అయినా మనుషులు మిగిలారు. కాంప్టీలో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. సికింద్రాబాద్‌ను పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటారు. విజయనగరంలో కంటోన్మెంట్ ఒక పేట పేరు. 1920లలో మద్రాస్ రెజిమెంట్ రెగ్యులర్ పటాలాలను ఎత్తేసిన సర్కారుకు రెండో ప్రపంచ యుద్ధం నడుమ 1941లో మనుషులు కావాల్సి వచ్చారు. దాన్ని మళ్లీ నిలబెట్టారు. యాభై ఏళ్లు చెప్పిన జాతి సిద్ధాంతం ఆ అవసరం ముందు నోరెత్తలేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరం నుంచి ఆ యుద్ధానికి వందల మంది వెళ్లారు. ఆ ఊరిని జనం మిలటరీ మాధవరం అంటారు. అక్కడి ఇళ్లలో కొడుకు సైన్యంలో చేరడం ఇప్పటికీ మామూలు సంగతే. సిపాయికి ఊరూ సంసారమూ ఉండటం లోపమని అక్కడ ఎవరూ అనుకోరు.